గోడ అవతల గుంటూరు, అడవి లోపల బస్తర్

మా పక్కింటి అక్కవాళ్లది నరసరావుపేట దగ్గర పల్లె. ఏటూరునాగారం వచ్చి ముప్పై ఏళ్లు దాటినా బజార్ల ఎవలనడిగినా "గుంటూరోళ్ల ఇల్లా" అనే దారి చెప్తరు. ఆమె మాట కూడా మారలేదు. గోడకు అటుదిక్కు నుంచి "ఏందమ్మాయ్, వంటయిందా?" అని ఆమె, ఇటుదిక్కు నుంచి "ఏడ వంటక్కా, ఇప్పుడే బడి నుంచి వచ్చిన" అని నేను. గోంగూర పచ్చడి ఇటు వస్తది, సర్వపిండి అటు పోతది. వాళ్ల చిన్నోడు హ్యూస్టన్ల ఉన్నడు. ఆదివారం ఫోన్ల వాడు చెప్పిన ముచ్చట సోమవారం గోడ మీదికి రావలసిందే.

ఈసారి ముచ్చట వాడుండే అపార్ట్‌మెంట్ గురించి. పై ఇంట్ల నైజీరియా నుంచి వచ్చిన మొగుడూపెండ్లాలు. ఆమె నర్సు, ఆయన ఆయిల్ కంపెనీల ఇంజినీరు. కింది ఇంట్ల బెలీజ్ అనే దేశం నుంచి వచ్చిన ముసలామె. జన్మంత ఒకరిండ్లల్ల పిల్లలను సాకింది, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతోటి కూసున్నదట.

"ఇద్దరివీ తెల్లోడు ఏలిన దేశాలే, ఇద్దరూ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే, ఇద్దరూ వలసొచ్చినోళ్లే. ఒకళ్లకి రెండు కార్లు, ఇంకొకళ్లకి బస్సు పాసు. ఎందుకంటావ్?" అన్నది అక్క. నేను టీచర్నని ఆమెకు నా మీద అంత నమ్మకం. సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి నాకూ ఆగదు.

నైజీరియా ఇరవై కోట్లు దాటిన దేశం. అక్కడినుంచి అమెరికా చేరాలంటే మధ్యల మహాసముద్రం ఉన్నది. చదువో పైసలో ఉన్నోడే దాన్ని దాటుతడు, అంటే వడపోత విమానం ఎక్కకముందే అయిపోతది. అమెరికాల ఉన్న నైజీరియన్లల్ల సగానికి పైగా డిగ్రీ చదివినోళ్లే. బెలీజ్ అట్ల కాదు. మధ్య అమెరికాల ఒక చిన్న దేశం, జనం నాలుగు లక్షల చిల్లర, మన భూపాలపల్లి జిల్లా అంత. 1961 అక్టోబర్ 31న హ్యాటీ అనే తుఫాను వచ్చి బెలీజ్ సిటీని ఊడ్చేసింది. తర్వాత రాజధానినే సముద్రం ఒడ్డు నుంచి లోపలికి, బెల్మోపాన్‌కు మార్చుకున్నరు. ఆ తుఫాను తర్వాత శానమంది లాస్ ఏంజెలెస్‌కూ న్యూయార్క్‌కూ తరలిపోయి దొరికిన పనిల చేరిండ్రు. ఇల్లు కూలినోడు సర్టిఫికెట్ల ఫైలు సర్దుకొని బయల్దేరుతడా?

"హ్యూస్టన్ దాకా ఎందుకక్కా, ఈ లెక్క మన ఊర్లనే ఉన్నది. మన నైజీరియా మీరు, మన బెలీజ్ గుత్తికోయలు" అన్న.

అక్క మొఖం మారింది. "ఏందీ, మేమేవన్నా దొరలమా? మాకిక్కడ సెంటు భూమి కూడా లేదు."

అది నిజమే. ఆ నిజం కాడినుంచే మొదలుపెట్టాలె.

తెలంగాణకు కోస్తా రైతుల రాక కొత్తది కాదు. నిజాంసాగర్ 1931ల పూర్తయినంక బోధన్, బాన్సువాడ దిక్కు వచ్చి దిగినోళ్ల ఊర్లను ఇప్పటికీ 'క్యాంపు' అనే పిలుస్తరు. ఓరుగల్లు దగ్గర సంగెం మండలంల గుంటూరుపల్లి అనే ఊరే ఉన్నది. మా అక్క మామగారు గోదావరికి 86 వరద వచ్చిపోయిన మరుసటేడు వచ్చిండట. వరద ఊర్లను ముంచింది, ఒడ్డు పొలాలల్ల ఒండ్రు పోసి పోయింది. ఆ ఒండ్రుల మిరప ఎట్లొస్తదో గుంటూరాయనకు ఒకలు చెప్పాలెనా? ఇద్దరు తమ్ముళ్లను, రెండు ఎడ్ల జతలను తోలుకొని వచ్చిండు.

కానీ ఇది ఏజెన్సీ. 1959ల చేసిన భూబదలాయింపు చట్టాన్ని 1970ల గట్టిగ బిగించిండ్రు. మనమంత 1/70 అనేది దాన్నే. గిరిజనుని భూమి గిరిజనేతరుడు కొనుడు చెల్లదు, ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరునికి అమ్ముడు కూడా చెల్లదు. మంగపేట మండలంల 23 ఊర్లు ఏజెన్సీ కిందికి వస్తయా రావా అని ఏండ్ల తరబడి కోర్టుల నలిగి, వస్తయని 2023 జులైల హైకోర్టు తేల్చింది. అందుకే అక్కవాళ్లకు ఏమున్నా కౌలే, అదీ నోటి మాట కౌలు. 2018ల రైతుబంధు వస్తే పట్టా ఉన్నాయన ఖాతాల పడ్డది, చేన్ల పడి సచ్చే కౌలుదారుకు పైస రాలేదు. బ్యాంకు పంట అప్పు ఇయ్యదు. మిరపకు ఎకరానికి లక్ష దాటి పెట్టాలె, ఆ పెట్టుబడి వరంగల్ ఎనుమాముల మార్కెట్ల అడ్తి సేటు ఇస్తడు, పంట తెచ్చి ఆయన దుకాణంలనే పోయాలె.

నష్టాలు కూడా చిన్నయి కాదు. 2021-22ల నల్ల తామరపురుగు వచ్చి పూత పూతంత మాడ్చింది. ఆ సంక్రాంతికి బావగారు పీకేసిన చెట్లు కట్ట కట్ట గెట్టు మీద పడేసి వచ్చి, పదిరోజులు ఎవరితోటీ మాట్లాడలేదు. 2025ల పురుగు లేదు, ధర లేదు. ఆ ఫిబ్రవరిల కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది గానీ అది ఆంధ్రప్రదేశ్ మిర్చికి. గుంటూరు రైతే, గుంటూరు విత్తనమే, పండింది మాత్రం ఏటూరునాగారంల! "అక్కడే ఉండుంటే ఆ రేటన్నా వచ్చేది" అని అక్క ఇప్పటికీ అంటది.

ఇంత చెప్పుకున్నంక, మరి వీళ్లు నిలబడ్డది దేనిమీద? తామరపురుగు ఏడు బావగారి పెద్దన్న నరసరావుపేటల అరెకరం అమ్మి పైసలు పంపిండు. అడ్తి సేటు బాకీ అడగలే, ఇంకింత ఇచ్చిండు, ముప్పై ఏండ్ల ఖాతా కదా. ఏ నర్సరీల నారు బాగుంటదో, ఏ మందు ఎప్పుడు కొట్టాలెనో తెలిసిన చుట్టాలు ఫోన్ల ఉన్నరు. పెద్దోడిని హైదరాబాద్‌ల బీటెక్ చదివించిండ్రు, చిన్నోడు అమెరికా పోయిండు. పేరు మీద సెంటు భూమి లేకున్నా వెనుక ఒక ఊరున్నది, అప్పు పుడతది. పడ్డా లేవొచ్చు.

ఇగ అడవి దిక్కు సూడుండ్రి.

2005 జూన్ల ఛత్తీస్‌గఢ్ బస్తర్ల మావోయిస్టులకు ఎదురుగ సల్వాజుడుం మొదలైంది. ఒకదిక్కు జుడుం, ఒకదిక్కు మావోయిస్టులు, నడిమిట్ల పల్లెలు. ఊర్లకు ఊర్లు ఖాళీ అయి కొందరు శిబిరాలకు పోతే, కొందరు అడవి పట్టి నడిచి గోదావరి దిక్కు వచ్చిండ్రు. ఖమ్మం, వరంగల్ ఏజెన్సీలల్ల వాగు పక్కన చెట్ల నడుమ గుంపులు గుంపులుగ గుడిసెలేసుకున్నరు. మనం గుత్తికోయలనేది వీళ్లనే. జుడుం చట్టవిరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే ఇక్కడ పుట్టిన పిల్లలు నడక నేర్చిండ్రు, వెనక్కి పోయినోళ్లు తక్కువ.

వాళ్ల మాట మన కోయోళ్లకు తెలుస్తది. దేవుండ్లు దగ్గరివాళ్లే, పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకున్న ఇండ్లూ ఉన్నయి. కానీ షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రానికొకటి. ఛత్తీస్‌గఢ్‌ల ఉన్నన్నాళ్లు వాళ్లు ఎస్టీలు, రాష్ట్రం గీత దాటినంక కారు. ఎనుకట మహారాష్ట్ర దిక్కు నుంచి వచ్చిన లంబాడోళ్ల కథ దీనికి ఉల్టా. అక్కడ ఎస్టీ కాదు, 1976 సవరణతోటి తెలంగాణల ఎస్టీ అయిండ్రు. దాని మీద మన దగ్గర ఉన్న పంచాయితీ గోడ మీద తేలేది కాదు గనుక వదిలేస్తున్న. చెప్పొచ్చేదేందంటే, వలసొచ్చినోని బతుకు ఎక్కడ ఆగుతదో చాలాసార్లు హైదరాబాద్‌లనో ఢిల్లీలనో రాసిన ఒక వరుస తేలుస్తది.

పోడు సంగతి ఇంకా విచిత్రం. అడవి హక్కుల చట్టం ప్రకారం గిరిజనుడు 2005 డిసెంబర్ 13కు ముందునుంచి ఆ భూమి సాగు చేస్తుండాలె. జుడుం మొదలైంది ఆ ఏడు జూన్ల. అంటే పల్లె కాలంగనే ఆర్నెల్లల్ల పారొచ్చి, గుడిసేసి, చెట్టు కొట్టి, దున్ని ఉంటే లెక్కల పడేటోళ్లు. అప్పుడు కూడా ఎస్టీ కాగితం అడుగుతరు, అది ఎట్లాగూ లేదు. 2023 జూన్ల తెలంగాణ సర్కారు నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచింది, గుత్తికోయలకు అందులో చోటు లేదు. 2017 సెప్టెంబర్ల తాడ్వాయి మండలం జలగలంచల వాళ్ల గుడిసెలను అటవీశాఖోళ్లు కూల్చిన సంగతి మన దిక్కు అందరికీ యాదికున్నదే. కొట్టిన చెట్లు కూడా ఉన్నయి, కాదనను, అభయారణ్యం నడుమ పోడు పెరిగితే అడవికి నష్టమే. కానీ ఆ చెట్ల లెక్క రాసేటోళ్లు మనుషుల లెక్క ఎవరి రిజిస్టర్లో రాస్తరు?

ఈ రెండు వలసలు కలిసేది మిరప చేన్ల. జనవరి దాటిందంటే పొద్దున చీకటితోనే ట్రాలీలల్ల గుత్తికోయలు, బీజాపూర్ దిక్కు నుంచి వచ్చిన వాళ్ల చుట్టాలు దిగుతరు. కాయ ఏరుడు, కళ్లంల పరుచుడు, తాలుకాయ వేరుచేసుడు, సాయంత్రం కాంటా. కొందరు కూలి పైసలకు బదులు మిర్చే పట్టుకపోతరు.

ఓసారి అక్కతోటి చేన్లకు పోయిన. ఒక చెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టి ఉన్నది. లోపల పసిపోరడు గుక్కపట్టి ఏడుస్తున్నడు, తల్లి రెండు సాళ్ల అవతల నిలబడ్డది, దగ్గరికి రాదు. చేతులనిండ మిర్చి కారం, ఆ చేతులతోటి పిల్లగాని మొఖం ముట్టుకుంటే కండ్లు పోతయి. ఎనిమిదేండ్ల అక్క ఉరికొచ్చి తమ్మున్ని ఎత్తుకొని నీళ్లు తాగించింది. ఆడపిల్లలను బడి మాన్పించి చేన్లకు ఎందుకు తోలుకొస్తరని నేను స్టాఫ్‌రూంల చేసిన వాదనలన్నీ అక్కడ ఆగిపోయినయి. ఆ పిల్ల లేకుంటే తల్లి చేతికి ఆ రోజు కూలి లేదు.

2020 ఏప్రిల్ల లాక్‌డౌన్ పడ్డప్పుడు మన ములుగు జిల్లా మిర్చి తోటల నుంచే పన్నెండేండ్ల అమ్మాయి బీజాపూర్ జిల్లాల ఉన్న ఇంటికి అడవి దారిన నడిచి, ఊరు చేరకముందే ప్రాణం విడిచింది. దేశమంత పేపర్లల్ల వచ్చింది. ఆ వారం మా వాడల ఎవరూ మిర్చి ధర మాట్లాడుకోలేదు.

"మావాళ్లు తోటలు వెయ్యకపోతే వాళ్లకి కూలెక్కడిది?" అన్నది అక్క.

"వాళ్లు రాకపోతే మీ కాయ చెట్టు మీదనే తాలైతదిగా?" అన్న నేను.

అక్క నవ్వింది. "అదీ నిజమేలే. మేం ఓడితే అన్న పంపుతాడు. వాళ్లు ఓడితే పంపటానికి ఆ ఊరే లేదు గదా."

ఇంత సూటిగ నేనైతే చెప్పలేకపోదును. కష్టం ఎక్కువ తక్కువల వల్ల వచ్చిన తేడా కాదిది. తెల్లారి నాలుగు గంటలకు లేసేది ఇద్దరూ. భూమి కాగితం ఇద్దరికీ లేదు. ఒకరికి చట్టం అడ్డమున్నా అప్పు పుట్టింది, చదువు పుట్టింది. ఇంకొకరిది ఈ భూమిని కాపాడే చట్టం ఎవరికోసం చేసిండ్రో ఆ తెగే, అయినా ఆ చట్టం గడప బయటనే నిలబడ్డరు. గుంటూరోళ్లు మన భూములు తింటున్నరనేటోళ్లు, గుత్తికోయలు మన అడవి తింటున్నరనేటోళ్లు మా ఊర్ల ఒక్కరే. కానీ మొదటాయన పెండ్లికి పిలిస్తే పోతరు, రెండో ఆయన గుంపు దిక్కు ఎన్నడూ పోరు. ఆ తేడా నాకు నచ్చదు.

తెగల పట్టిక మార్చేది పార్లమెంటు, మనతోని అయ్యేది కాదు. పదో తరగతి దాటినంక స్కాలర్‌షిప్ కాడ ఎస్టీ కాగితం అడుగుతరు, గుత్తికోయ పిల్లలు చాలామంది అక్కడ ఆగిపోతున్నరు. కానీ ఒకటో తరగతికి అది అక్కరలేదు. వయసు రుజువు లేదని ఏ పిల్లనూ బడిల చేర్చుకోకుండ ఆపొద్దని విద్యాహక్కు చట్టంల రాసే ఉన్నది. మిరప వేసే అక్కలూ అన్నలూ, వచ్చే సీజన్ల కాంటా కూలోళ్ల కండ్ల ముందే వెయ్యుండ్రి. ఉయ్యాలలూపేటందుకు పొద్దంత ఒక ముసలమ్మకు కూలిచ్చి పెట్టుండ్రి, మీ లక్ష పెట్టుబడిల అదెంత? ఇక్కడ గుంపులల్ల ఉండే పిల్లలను జూన్ల దగ్గరి బడికి తోలుకరాండ్రి. ఆధార్ కార్డు లేకున్నా సరే, పేరు చెప్తే రాసుకుంటం.