కిటికీలు గీసుకున్న ఊరు

ఏడంతస్తుల మేడ. నాలుగో అంతస్తులో ఆకుపచ్చ రెక్కల కిటికీ ఒకటి సగం తెరిచి ఉంటుంది. చుట్టూ నగిషీలు చెక్కిన రాతి చట్రం, పైన చిన్న చూరు, చూరు కింద పల్చటి నీడ. ఎంత బాగుందో అనుకుంటూ గోడ దగ్గరికెళ్తే తెలుస్తుంది అసలు సంగతి. అక్కడ రాయీ లేదు, చూరూ లేదు, ఆ నీడ కూడా నీడ కాదు. నున్నటి గోడమీద రంగులతో గీసిన బొమ్మ! పక్కనున్న కిటికీ మాత్రం నిజమైనదే. ఆరేసిన తువ్వాలు గాలికి ఊగుతోంది కదా, అదే గుర్తు.

ఇటలీ వాయవ్య తీరంలో, జెనోవా నగరానికి తూర్పున పాతిక కిలోమీటర్లలోపే ఉంటుంది ఈ ఊరు. పేరు కామోల్యీ. ఇంగ్లిషులో రాసినదాన్ని చూసి చాలామంది 'కామోగ్లీ' అంటారు. ఇటలీవాళ్ల నోట్లో ఆ 'గ' పలకదు. జనాభా అయిదువేలకు అటూఇటూ. మ్యాపులో చూస్తే కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న చిన్న చుక్క. ఆ చుక్కని చూడ్డానికి వేసవి ఆదివారాల్లో జెనోవానుంచి వచ్చే రైళ్లన్నీ కిటకిటలాడిపోతాయి.

సొరంగం... సముద్రం... సొరంగం

ఆరు లక్షలకు కాస్త తక్కువ జనాభా ఉన్న జెనోవా ఇటలీలోని అతి పెద్ద ఓడరేవుల్లో ఒకటి. క్రేన్లూ కంటెయినర్లూ, ఇళ్ల పక్కనుంచే పోయే ఫ్లైఓవర్లూ, నడిమధ్యాహ్నం కూడా ఎండ పడని సన్నటి సందులూ. ఆ హడావుడిలోంచి బయటపడటానికి నగరవాసులు ఎంచుకునే దారి రైలు. ప్రధాన స్టేషన్ ముందు కొలంబస్ విగ్రహం ఉంటుంది. అక్కడ ప్యాసింజరు బండి ఎక్కితే ముప్పావు గంటలోపే కామోల్యీ. టిక్కెట్టుకి కొద్ది యూరోలు చాలు.

ఎక్కినవాళ్లు కుడివైపు కూర్చోవాలి. కొండ అంచుని తొలుచుకుంటూ వేసిన లైను కాబట్టి దారంతా సొరంగాలే. చీకటి, ఒక్కసారిగా నీలిరంగు, మళ్లీ చీకటి. నెర్వి, బొల్యాస్కో, సోరి స్టేషన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చిపోతాయి. కామోల్యీకి ముందు వచ్చేది రెక్కో. దాన్ని చూస్తే లిగూరియా తీరపు ఊరులా అనిపించదు. అన్నీ కాంక్రీటు భవనాలే. రెండో ప్రపంచయుద్ధంలో 1943-44లలో అక్కడి రైలు వంతెనను కూల్చేందుకు మిత్రపక్షాల విమానాలు పదేపదే బాంబులు వేశాయి. వంతెనతోపాటు దాదాపు ఊరంతా నేలమట్టమైపోయింది. ఆ పక్కనే ఉన్న కామోల్యీ పాత ఇళ్లతో నిలబడింది. రెండు ఊళ్లకీ మధ్య దూరం ఒక్క స్టేషనే!

బండి దిగి, మెట్లమీదుగా కిందికి పోతే సముద్రమే ఎదురొస్తుంది. ఇసుక ఉండదు. బూడిదరంగు గులకరాళ్ల ఒడ్డు. కెరటం వెనక్కి వెళ్లినప్పుడల్లా ఆ రాళ్లు గలగలమంటూ దొర్లుతాయి. చెప్పుల్లేకుండా నడవాలంటే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. ఒడ్డు పొడవునా ఎరుపు, పసుపు, గులాబీ, నారింజ రంగుల మేడలు భుజం భుజం రాసుకుంటూ నిలబడి ఉంటాయి. చివర ఓ బండరాయిమీద డ్రాగొనారా కోట, దాని పక్కనే చర్చి. ఒకప్పుడు ఆ బండ ఓ చిన్న ద్వీపమట. తర్వాత ఒడ్డుతో కలిసిపోయింది. దానికి అవతలి పక్కనుంటుంది చేపల పడవల చిన్న రేవు. వలలు ఆరబెట్టే చోటూ, కాఫీ తాగే బల్లలూ అక్కడ పక్కపక్కనే.

ఇళ్లకి అన్ని రంగులెందుకంటే ఊళ్లోవాళ్లు చెప్పేది ఒకటే. సముద్రంమీద నెలల తరబడి తిరిగి వచ్చే నావికుడు దూరంనుంచే తన ఇంటిని గుర్తుపట్టాలట. గీసిన కిటికీల సంగతి వేరు. రాతితో నగిషీలు చెక్కించడం ఖరీదైన వ్యవహారం. అదే చిత్రకారుడికైతే కొద్దిపాటి డబ్బుతో పనైపోతుంది. పైగా గదుల అమరికనిబట్టి కిటికీ పెట్టడం కుదరనిచోట బొమ్మ కిటికీ గీయిస్తే గోడ బోసిపోదు. జెనోవా చుట్టుపక్కల తీరమంతా ఉన్న అలవాటే ఇది. కానీ ఇంత ఎత్తు మేడలమీద, సముద్రానికి ఇంత దగ్గరగా చూసినప్పుడు వచ్చే అందమే వేరు.

ఇల్లాళ్ల ఊరు

కామోల్యీ అన్న పేరు ఎలా వచ్చిందో పండితులు ఇంకా తేల్చుకోలేదు. స్థానికులు మాత్రం ఎప్పుడో తేల్చేసుకున్నారు. 'కాజా దెల్లె మోల్యీ' అంటే ఇల్లాళ్ల ఇల్లు. అదే కామోల్యీ అయిందంటారు. మగవాళ్లందరూ సముద్రంమీదే ఉంటే ఊళ్లో మిగిలేది ఆడవాళ్లే కదా మరి. వ్యాకరణం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా చరిత్ర మాత్రం ఈ కథకే సాక్ష్యం చెబుతుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ ఊరిని 'వెయ్యి తెల్ల తెరచాపల నగరం' అనేవారు. ఇంత చిన్న రేవులో అన్ని ఓడలు పట్టవు. అవి ప్రపంచమంతా తిరుగుతుండేవి. వాటి సొంతదారులు, కెప్టెన్లు, సరంగులు కామోల్యీవాళ్లు. ఓడ కట్టడానికి కావాల్సినంత డబ్బు ఒక్కడి దగ్గర ఎక్కడుంటుంది? అందుకే ఓడ విలువను 24 వాటాలు చేసేవారు. ఒక్కో వాటాను 'కరాతో' అనేవారు, బంగారంలో క్యారెట్ల లెక్కలాగే. బంధువులు, దుకాణదారులు, భర్త పోయిన ఆడవాళ్లు... ఎవరి శక్తికొద్దీ వాళ్లు వాటాలు కొనేవారు. గాలి అనుకూలిస్తే ఊరంతటికీ లాభం. ఓడ మునిగితే ఊరంతటికీ ఏడుపు. 1853లో ఓడల యజమానులంతా కలిసి పరస్పర బీమా సంఘం పెట్టుకున్నారు. ఒకరి ఓడ పోతే ఆ నష్టాన్ని మిగతావాళ్లంతా పంచుకుంటారన్నమాట. ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి ఆవిరి ఓడలు తెరచాపల పని పట్టేశాయి. ఊరి వైభవం ఇప్పుడు నౌకా మ్యూజియంలో అద్దాల వెనక ఉంది.

అంతకంటే మనసుకి పట్టే చోటు ఇంకోటుంది. సముద్రం ఒడ్డున సందడి చూసి తిరిగిపోయేవాళ్లలో చాలామంది అటు వెళ్లరు. ఊరి పైభాగంలో ఉన్న బొస్కెత్తో మందిరం అది. 1518లో ఒక బాలికకు అక్కడ మేరీమాత కనిపించిందని నమ్మకం. ఆ ఆవరణ గోడలనిండా ఓడల బొమ్మలే. కొండలంత అలలు, విరిగిన తెరచాప కొయ్యలు, పక్కకి ఒరిగిపోయిన ఓడ, మబ్బుల మూల చిన్న వెలుగులో అమ్మవారు. బతికి బయటపడితే బొమ్మ గీయించి పెడతామని తుపానులో మొక్కుకుని, తిరిగొచ్చాక చెల్లించుకున్న మొక్కులవి. మొక్కు తీర్చుకున్నవాళ్ల లెక్క ఆ గోడలమీద ఉంది. తిరిగి రానివాళ్ల బొమ్మలు ఎవరు గీయిస్తారు?

కొబ్బరిపీచు వల

ఊరి మొదట్లో గోడకి వేలాడే పెద్ద పెద్ద పెనాలను చూసి కొత్తవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. అలంకారం కోసం కాదు, నిజంగా వాడినవే. మే నెల రెండో ఆదివారం ఇక్కడ చేపల పండగ. 1952లో మొదలైంది. జాలర్ల రక్షకుడైన సెయింట్ ఫార్చునాటస్ ఉత్సవంతో కలిపి చేస్తారు. సుమారు నాలుగు మీటర్ల వెడల్పున్న పెనంలో నూనె కాచి, రేవులోనే చేపలు వేయించి వచ్చినవాళ్లకి పంచుతారు. ముందురోజు రాత్రి ఒడ్డున రెండు పేటలవాళ్లు పోటీపడి కట్టెలతో కోటల్లాంటివి కట్టి మంటపెడతారు. ఎవరి మంట గొప్పదన్న వాదన అంత తేలిగ్గా తెగదు.

పండగ సంగతి అందరికీ తెలుసు. వల సంగతే తక్కువమందికి తెలుసు. రేవునుంచి పుంతా క్యాప్పా అనే కొండకొమ్ము వైపు పడవలో వెళ్తుంటే నీళ్లమీద తేలే గుర్తులు కనిపిస్తాయి. వాటి కిందే ఉంటుంది 'తొన్నారెల్లా'. ఒడ్డువెంట ఈదే చేపల్ని దారి మళ్లించి నీటి గదిలోకి రప్పించే పెద్ద స్థిరమైన వల. కొన్ని శతాబ్దాలుగా ఇక్కడివాళ్లు ఇలాగే చేపలు పడుతున్నారు. లిగూరియా తీరంలో ఇలాంటివి ఒకప్పుడు చాలా ఉండేవి, ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. దీన్ని అల్లేది కొబ్బరిపీచు తాడుతో! కామోల్యీలో కొబ్బరిచెట్ల తోటలెక్కడివి? పీచు దూరదేశాలనుంచి రావాల్సిందే. కోనసీమలో పీచు నానబెట్టి తాళ్లు పేనేవాళ్లు ఈ వలని ముట్టుకుంటే మన సరుకే కదా అనుకుంటారు.

శీతకాలమంతా జాలర్లు కూర్చుని వల అల్లుతారు. ఏప్రిల్‌లో నీళ్లలోకి దించి సెప్టెంబరుదాకా ఉంచుతారు. రోజుకి కొన్నిసార్లు పడవలో వెళ్లి చేతులతో పైకి లాగుతారు. పడినదాన్నిబట్టే ఆరోజు కూలి. సీజను అయిపోయాక వలని కోసి సముద్రంలోనే వదిలేస్తారు. పీచే కాబట్టి కుళ్లి కలిసిపోతుంది. మళ్లీ శీతకాలంలో కొత్త వల. నైలాను వల కొంటే ఏళ్లకేళ్లు వస్తుంది కదా అనిపించొచ్చు. చుట్టూ ఉన్న నీళ్లు 1999నుంచి రక్షిత సముద్ర ప్రాంతం. ఇక్కడ ఆ పాత పద్ధతే సబబు.

పడవ అలాగే ముందుకెళ్తే అరగంటలో శాన్ ఫ్రుత్తువోసో. అక్కడికి కారు దారి లేదు. పడవైనా ఎక్కాలి, లేదా కొండదారిలో మూడుగంటలు నడవాలి. మఠం, దాని ముందు గులకరాళ్ల తీరం, వెనక అడవి. అంతే. 1915లో వచ్చిన వరదకి మఠం చర్చిలో కొంతభాగం కొట్టుకుపోయింది. ఇప్పుడు జనం తువ్వాళ్లు పరుచుకునే ఆ తీరం ఆ వరద మోసుకొచ్చిన మట్టీ రాళ్లతో ఏర్పడిందే. అక్కడికి కాస్త దూరంలో, పదిహేడు మీటర్ల లోతున, చేతులు పైకెత్తిన క్రీస్తు కంచు విగ్రహం ఉంది. 1947లో అక్కడ ఓ ఈతగాడు నీళ్లలో ప్రాణాలు కోల్పోయాడు. తర్వాత అతని మిత్రుడికి వచ్చిన ఆలోచన ఇది. శిల్పి గ్విదో గల్లెత్తి మలిచిన విగ్రహాన్ని 1954 ఆగస్టులో సముద్రంలోకి దించారు. ఓడల గంటలు, పతకాలవంటివి కరిగించి పోతపోశారు. కొండకి ఆ పక్కనే కోటీశ్వరుల పడవలు ఆగే పోర్టోఫినో. అక్కడ కాఫీ ధర చూసి బెంబేలెత్తినవాళ్లు కామోల్యీకొచ్చి ఊపిరి పీల్చుకుంటారు. ఇక్కడ వేడివేడి ఫొకాచా ముక్క కాగితంలో చుట్టించుకుని మెట్లమీద కూర్చుని తినొచ్చు. పల్చటి రెండు పొరల మధ్య మెత్తటి పచ్చి చీజ్ పెట్టి కాల్చేది రెక్కో రకం. 2015లో దానికి యూరప్ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చల్లారితే మాత్రం రుచి సగం పోతుంది.

ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం

కామోల్యీ శ్మశానం కూడా సముద్రానికి ఎదురుగానే ఉంటుంది, కొండ అంచున. గోడల్లో వరసగా గూళ్లు కట్టి, వాటిలో శవపేటికలుంచి, పేరూ ఫొటో ఉన్న పలకతో మూసేయడం ఇటలీలో అలవాటు. బతికినన్నాళ్లూ సముద్రాన్ని చూసినవాళ్లు పోయాక కూడా సముద్రంవైపే ఉండాలనుకున్నారు కాబోలు. 2021 ఫిబ్రవరి 22న ఆ అంచు విరిగిపడింది. కింద అలలు ఏళ్ల తరబడి కొరుక్కుతిన్న బండ ఒక్కసారిగా జారిపోయింది. దాదాపు రెండు వందల శవపేటికలు రాళ్లతోపాటు సముద్రంలో పడిపోయాయి. అదృష్టవశాత్తూ మనుషులెవరికీ ఏమీ కాలేదు.

అగ్నిమాపక దళం, తీరరక్షక దళం, గజ ఈతగాళ్లు దిగారు. నీళ్లమీద తేలేవి అలలకి దూరంగా పోకుండా అడ్డుకట్టలు వేశారు. తొలిరోజుల్లో దొరికినవి కొన్నే. ఏది ఎవరిదో పోల్చుకోవడం అంతకంటే కష్టమైంది. తల్లి సమాధికి పూలు పెట్టి వచ్చే కూతురు, తాతని తలుచుకుని దీపం వెలిగించే మనవడు, ఎక్కడికి వెళ్లాలో తెలియక గేటు దగ్గర నిలబడిపోయారు. ఓడలతో పోయినవాళ్లకి సమాధులు ఉండవని ఈ ఊరికి మొదటినుంచీ తెలుసు. ఒడ్డున, ఇంట్లోవాళ్ల మధ్య కన్నుమూసినవాళ్లు కూడా నీళ్లపాలవుతారని ఎవరనుకుంటారు?

ఆగస్టు మొదటి ఆదివారం 'స్తెల్లా మారిస్' ఉత్సవం. సముద్ర తారగా కొలిచే మేరీమాత పండగ. జెండాలు కట్టిన పడవలు వరసకట్టి పుంతా క్యాప్పాకి వెళ్తాయి. అక్కడ నీటి అంచున ఉన్న వేదిక దగ్గర ప్రార్థన జరుగుతుంది. చీకటి పడ్డాక వేలకొద్దీ చిన్న చిన్న మైనపు దీపాలను నీళ్లలో వదులుతారు. మన కార్తీక దీపాల్ని చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. తేడా అల్లా అవి పోయేది నదిలో కాదు, సముద్రంలో. ఒడ్డుకి తిరిగొచ్చేవి తిరిగొస్తాయి. మిగతావి చీకట్లో ఎటో పోతాయి.

జెనోవావాళ్లు చివరి రైళ్లకి మెట్లెక్కి వెళ్లిపోతారు. ఒడ్డున బల్లలు సర్దేస్తారు. పగలు ఎంత తేరిపార చూసినా పోల్చుకోలేని కిటికీల గుట్టు అప్పుడు ఇట్టే తేలిపోతుంది. దీపం వెలిగేది నిజమైనది, వెలగనిది బొమ్మ. వేసవిలో అయితే ఈ లెక్క సరిపోతుంది. నవంబరు వస్తే కాదు. ఇక్కడి ఇళ్లలో చాలావాటిని నగరాలవాళ్లు సెలవులకోసం కొనుక్కున్నారు. చలికాలంలో అవి తాళాలేసి ఉంటాయి. అప్పుడు ఆ ఏడంతస్తుల మేడమీద వెలిగేవి మూడో నాలుగో కిటికీలు. రేవు దగ్గర ఓ గదిలో మాత్రం లైటు ఆరదు. ఏప్రిల్‌లోపు వల పూర్తవ్వాలి కదా.