కట్టు కట్టిన పిమ్మట

మా పుత్తూరు చెన్నపట్టణమునుండి తిరుపతికి బోవు దారిలోనున్న చిన్న పట్టణము. చిరకాలము చిత్తూరు జిల్లాలో నుండి, 2022వ సంవత్సరమున తిరుపతి జిల్లాలో చేరినది. ఇచ్చటికి రైలుమీదను బస్సులమీదను వచ్చు పొరుగూరివారిని చూచినచో, వారిలో కొందఱేల వచ్చిరో అడుగకయే తెలియును. ఒకరి చేయి మెడనుండి వ్రేలాడు గుడ్డలో నుండును. ఒకరిని ఇద్దఱు చెఱియొక భుజము నిచ్చి నడిపించుచుందురు. ఒక తల్లి చంకబిడ్డ కాలు కదలకుండ అరచేత పట్టుకొని మెల్లగా దిగుచుండును. వీరందఱును సమీపముననున్న రాచపాళెములో ఎముకల కట్టు కట్టించుకొన వచ్చినవారు. పుత్తూరు కట్టు అను పేరు తమిళదేశమునను కన్నడదేశమునను గూడ వాడుకలో నున్నది. చెన్నపట్టణపు వీథులలో ఈ పేరుగల పలకలు పెక్కులు కనబడును.

ఈ యూరిదాననగుటచేత బంధువులలో ఎవరు జాఱిపడినను నాకు కబురు వచ్చును. "కట్టు కట్టింతుమా, ఆసుపత్రికి తీసికొని పోవుదుమా?" అని అడుగుదురు. అడుగువారు పలుమాఱు ఆడవారే. ఇంటిలో ఒకరు పడినపుడు పరుగెత్తి పట్టుకొనునదియు, తరువాత వారములకొలది చాకిరి చేయునదియు వారే గదా! కావున ఎముకల వైద్యమునుగూర్చి మనకు తెలిసియుండవలసిన నాలుగు మాటలు ఇచ్చట వ్రాయుచున్నాను.

రాచపాళెమున ఈ వృత్తిని తరతరములుగా రాజుల కుటుంబములవారు నడుపుచున్నారు. వేటకు బోయిన పూర్వికుడొకడు కుందేటిని కొట్టి, ఆకులలో చుట్టి తెచ్చి, ఇంటికడ విప్పగా అది లేచి పరుగెత్తెననియు, ఆ యాకులే ఈ వైద్యమునకు మూలమనియు ఒక కథ చెప్పుకొందురు. కథ యెట్లున్నను పని మాత్రము కన్నులార చూడదగినది. విఱిగినచోటు వ్రేళ్ళతో తడవి, ఎముకను సరిచేసి, ఆకుపసరును కోడిగ్రుడ్డు తెల్లసొనను పట్టించి, గుడ్డ చుట్టి, వెదురు దబ్బలు అమర్చి కట్టుదురు. ఎక్సురే పటము చేతబట్టుకొని వచ్చువారును కలరు.

పసరుచేతనే ఎముక అతుకుకొనునని మనలో పలువురి నమ్మకము. పట్టణపు వైద్యుడు వేయు పిండికట్టే అతికించునని మఱికొందఱి నమ్మకము. నిజమునకు ఎముక నతికించునది ఎముకయే. అది ఎండుకట్టె కాదు; నెత్తురు పాఱుచు నిత్యము పెరుగుచు తఱుగుచునుండు సజీవమైన అంగము. విఱిగినచోట మొదట నెత్తురు గడ్డకట్టును. రెండు మూడు వారములలో అచ్చట మెత్తని క్రొత్తకండ యేర్పడును. అది క్రమముగా గట్టిపడి ఎముకగా మాఱును. పసిపిల్లల ముంజేయి నాలుగు నుండి ఆఱు వారములలో కుదురుకొనును. పెద్దవారి కాలియెముకకు మూడు నాలుగు నెలలును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. వైద్యుడు చేయవలసిన పనులు రెండే: తొలగిన ముక్కలను సరియైన తావున చేర్చుట, కుదురుకొనువఱకు కదలకుండ నిలుపుట. వెదురు దబ్బలును, పిండికట్టును, శస్త్రవైద్యుడు లోపల బిగించు ఇనుపపలకలును ఈ రెండవ పనికే.

ఈ యెఱుక క్రొత్తది కాదు. మన సుశ్రుతుడు ఎముక విఱుగుటలో పండ్రెండు భేదములను, కీలు తప్పుటలో ఆఱు భేదములను చెప్పెను. మేడి, రావి, మోదుగ మొదలగు చెట్ల పట్టలను దబ్బలుగా కట్టుమనెను. చలికాలమున ఏడుదినముల కొకమాఱు, సమకాలమున ఐదుదినములకు, వేసవిలో మూడుదినములకే కట్టు విప్పి మరల కట్టవలెననెను. వదులుగా కట్టినచో కీలు నిలువదనియు, మిక్కిలి బిగించినచో వాపును నొప్పియు కలిగి చెడుననియు ఆయన చేసిన హెచ్చరిక నేటికిని వైద్యవిద్యార్థులు నేర్చుకొనునదే.

పాశ్చాత్యదేశములలోను ఈ విద్య కట్టు కట్టు ఇండ్లనుండియే కొంత పెరిగినది. ఫ్రాన్సుదేశపు వైద్యుడు నికొలాస్ ఆండ్రీ 1741లో ప్రకటించిన గ్రంథమున, తిన్నన అనియు బిడ్డ అనియు అర్థమిచ్చు రెండు గ్రీకు మాటలు చేర్చి ఆర్థోపెడిక్ అను పేరు కల్పించెను. వంకరపోవు మొక్కకు కొయ్య పాతి కట్టినట్లు బిడ్డల అవయవములను తిన్నగా పెంచుట ఆయన తలంపు. పిండికట్టు గుడ్డలను హాలండు సైనికవైద్యుడు మాథెయిసన్ 1852లో లోకమునకు తెలిపెను. 1895లో రంట్‌గెన్ ఎక్సుకిరణములను కనుగొనుటతో చర్మము కోయకయే ఎముకను చూచు భాగ్యము కలిగెను. వేల్సుదేశమున తరతరములుగా ఎముకలు కట్టు కుటుంబమున 1834లో పుట్టిన హ్యూ ఓవెన్ థామసు వైద్యపరీక్షలు నెగ్గి, తొడయెముకకు ఒక ఇనుపచట్రమును కల్పించెను. ఆయన మరణించిన పిదప, మొదటి ప్రపంచయుద్ధములో మేనల్లుడు రాబర్టు జోన్సు దానిని వాడుకలోనికి తెచ్చెను. అంతకుముందు తొడ విఱిగిన సైనికులలో నూటికి 80 మందివఱకు చనిపోవుచుండగా, తరువాత ఆ సంఖ్య 20కి లోపడినది. వంశవిద్యయు కళాశాలవిద్యయు ఒక యింట కలిసినందువలన ఎంత మేలు జరిగెనో చూడుడు!

ఇక అడుగుచుండు ప్రశ్నకు వత్తును. బెణుకులకును, తొలగని చిన్న విఱుగుళ్ళకును కదలకుండ నిలుపు కట్టు చాలును. అయినను మొదట ఎక్సురే తీయింపక ఏ కట్టునకును ఒప్పుకొనరాదు. ఏలయన వాపు చూచి బెణుకో విఱుగో పైనుండి తేల్చుట చేయి తిరిగినవారికిని కష్టమే. చర్మము చీలి ఎముకయో నెత్తురో బయటికి వచ్చినను, వెన్నుపూసకు దెబ్బ తగిలినను, తొంటి విఱిగినను, కీలులోనికి విఱుగు పోయినను, వ్రేళ్ళు మొద్దుబాఱినను, బిడ్డ మోచేయి వాచినను తిన్నగా ఆసుపత్రికే పోవలెను. పోవులోపల లాగి సరిచేయ జూడరాదు. ఉన్న వంకరలోనే గొడుగుకఱ్ఱయో, మందపు పుస్తకమో ఆనించి మెత్తని గుడ్డతో కట్టవలెను. చేతికి గాజులు ఉంగరములు వాపు ఎక్కకమునుపే తీసివేయవలెను. వెన్నుకు దెబ్బ తగిలినవారిని కూర్చుండబెట్టక పలకమీద పరుండబెట్టి మోయవలెను. మాకు దగ్గఱగా తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రి ఎముకల వైద్యమునకే యేర్పడినది; రుయా పేరుగల ప్రభుత్వాసుపత్రియు కలదు.

నేను ముఖ్యముగా చెప్పదలచినది కట్టు కట్టిన పిమ్మటి సంగతి. కట్టినవారు, వారెవరైనను, పనిముగించి మనలను పంపివేయుదురు. ఆ రాత్రి బిడ్డప్రక్కన పండుకొనునది తల్లి. కొన్ని యేండ్ల క్రిందట మా వీథిలో ఎనిమిదేండ్ల బాలుడు మామిడిచెట్టునుండి చేయి ఊని పడి మోచేయి విఱుగగొట్టుకొనెను. ఎక్కడనో కట్టు కట్టించి తెచ్చిరి. సాయంకాలమునకు వాడు గుక్కపట్టి యేడ్వసాగెను. మగవారు "నొప్పి యుండదా యేమి, ఓర్చుకోరా" అనిరి. వాని అవ్వ మాత్రము దీపము దగ్గఱకు తెచ్చి వ్రేళ్ళు చూచెను. అవి ఉబ్బి నీలివన్నె తిరిగియుండెను, చల్లగా నుండెను. వ్రేళ్ళు చాచుమనగా వాడు చాపలేకపోయెను. మఱియొకరు చాపబోగా కెవ్వున నఱచెను. ఆమె ఎవరి యనుమతికిని కాచుకొనక కత్తెరతో కట్టు నిలువున కత్తిరించెను. ఆ రాత్రియే వానిని తిరుపతికి తీసికొని పోయిరి. ఇప్పుడు వాడు ఆ చేతితోనే వ్రాయుచున్నాడు.

ఆ ముదుసలి ఎఱిగిన దానిని జర్మను వైద్యుడు ఫోల్క్‌మన్ 1881లో విపులముగా వ్రాసెను. వాపుచేతగాని కట్టు బిగువుచేతగాని కండలకు నెత్తురు అందనిచో అవి కొలది గంటలలోనే చచ్చి, చేయి కొక్కెమువలె ముడుచుకొనిపోవును. తరువాత ఎవరును దానిని మునుపటివలె చేయలేరు. ఈ యాపద వెదురుకట్టులోను కలదు, పిండికట్టులోను కలదు. కావున కట్టు ఏదైనను మొదటి రెండు మూడు దినములు చేతిని కాలిని ఎత్తుగా దిండుమీద నుంచి, గంటగంటకు వ్రేళ్ళు చూచుచుండవలెను. గోరు నొక్కి విడిచినచో తెల్లనై వెంటనే ఎఱ్ఱబాఱవలెను. వ్రేళ్ళు వెచ్చగా నుండి, తమంతట కదలవలెను. చల్లబడినను, మొద్దుబాఱినను, మందుకు లొంగక నొప్పి పెరుగుచున్నను తెల్లవాఱువఱకు ఆగరాదు. అర్ధరాత్రియైనను కట్టు సడలించి ఆసుపత్రికి చేరవలెను.

ఇంక ముసలివారి మాట. మా మేనత్త డెబ్బదియెనిమిదవ యేట నీళ్ళగదిలో జాఱి తొంటి విఱుగగొట్టుకొనెను. "ఈ వయసులో నాకు కోతలేలమ్మా? ఓ మూల మంచమేసేయండి" అనెను. ఇంటిలో కొందఱు అదియే మేలనిరి. మంచమునబడిన వృద్ధులకు వీపున పుండ్లును, ఊపిరితిత్తులలో నెమ్మును, కాలిలో నెత్తురుగడ్డలును ఏర్పడును. విఱిగిన తొంటికంటె ఇవియే ప్రాణము తీయును. తొంటి విఱుగునకు రెండు దినములలోపల శస్త్రము చేయుట మేలని నేటి వైద్యుల మతము. మేము పట్టుబట్టి చేయించితిమి. మఱునాడే ఆమెను లేపి నిలువబెట్టిరి. చేతికఱ్ఱతో తులసికోట చుట్టు తిరుగుచు ఆమె మఱి ఆఱేండ్లు బ్రదికెను. వయస్సు మీఱినదను మాట వైద్యము మానుటకు కారణము కానేరదు.

ఇట్టి విఱుగుళ్ళకు మూలము ఎముక గుల్లబాఱుట. ముట్లుడిగిన పిదప స్త్రీల ఎముకలలోని సారము వేగముగా తఱుగును. దీనికి నడివయస్సునుండియే జాగ్రత్తపడవలెను. మన సీమవారి రాగిసంగటి ఇందుకు మంచి యాహారము. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియ ముండగా, తెల్లని బియ్యములో పది మిల్లీగ్రాముల చేరువనే యుండును. పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరలు తోడైన నింకను మేలు. ఆ సారము ఒంటబట్టుటకు ఎండ కావలెను. ఎండకు కొదువలేని మా ప్రాంతమునందే, పల్లెలలోను పట్టణములోను గూడ, విటమిన్ డి కొఱత మిక్కుటముగా నున్నట్లు తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర వైద్యవిజ్ఞానసంస్థవారి పరిశోధనలలో తేలినది.

మోకాళ్ళనొప్పి, నడుమునొప్పి మనకు పనితోబాటు వచ్చిన కట్నములని తలచి ఊరకుందుము. మోకాలికీలు అరిగినపుడు మొదటి వైద్యము తొడకండలను గట్టిపఱచు వ్యాయామమును, బరువు తగ్గించుటయును. కుర్చీలో కూర్చుండి కాలు తిన్నగా చాచి పదియెన్నువఱకు నిలిపి దింపుట ఇంటిపనుల నడుమనే చేయవచ్చును. దానితో తీరనివారికి కీలు మార్పు శస్త్రము కలదు. నడుమునొప్పికి పలుదినములు మంచమున పడియుండుటకంటె మెల్లమెల్లగా నడచుటయే మంచిది. కాని నొప్పితో కాలు బలహీనమైనను, మూత్రము బిగిసినను, జ్వరము వచ్చినను వెంటనే వైద్యునికి చూపవలెను.

సోదరీమణులారా, ఇంటిలో ఎవరి చేయి విఱిగినను మనము గంటగంటకు లేచి చూతుము. మన మోకాలు వాచినచో ఉగాది పోనిమ్ము, పెండ్లి పోనిమ్ము అని వాయిదా వేయుదుము. ఇతరుల వ్రేళ్ళు చూచు కన్నులతోనే మన కాళ్ళను గూడ చూచుకొందముగాక. ఈ వారములోనే ఒక యుదయమున ఇంటిలోని పెద్దామెను చేయిపట్టి కొంతసేపు ఎండలో నడిపింపుడు. నీళ్ళగదిలో తడి తుడిచి, గోడకు పట్టుకఱ్ఱ యొకటి అమర్పుడు. విఱిగినదానిని కట్టుటకంటె విఱుగకుండ కాచుట సులభము; అది మన చేతిలోని పని.