ఒక్క చాబీ ఇల్లు

కవాడిగూడలో మా పాత ఇంటికి ఒక్కటే చాబీల గుత్తి. అది అబ్బా జేబులో ఉండేది. సామాన్ల గది, దాదీ సందూక్, మేడ మీది గది, కాగితాల అల్మారా, అన్నిటి చాబీలూ అందులోనే. అమ్మీకి బియ్యం తియ్యాలన్నా, నాకు స్కూలు సర్టిఫికెట్ కావాలన్నా ముందు అబ్బా రావాలి. ఆయన వచ్చేదాకా ఇల్లంతా ఇంతెజార్.

ఒక రాత్రి దాదీకి దమ్ము ఎక్కువైంది. దవా సందూకులో ఉంది, చాబీ మసీదులో ఉంది. చెప్పుల్లేకుండా పరిగెత్తాను. ఇషా జమాత్ నడుస్తోంది. అబ్బా సలాం తిప్పేదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ కొన్ని నిమిషాలు ఇప్పటికీ నా కాళ్లలో ఉన్నాయి. అల్లా దయ, దాదీ బతికింది. మర్నాడు పొద్దున అబ్బా గుత్తి విప్పి ఎవరి చాబీ వాళ్ల చేతిలో పెట్టాడు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మొన్న ఈద్ నాడు ఇదంతా మళ్లీ యాదికొచ్చింది. కారణం మా భతీజా. వాడు మాధాపూర్‌లో లినక్స్ మీద పనిచేస్తాడు. వాళ్ల అబ్బాకూ నాకూ రెండేళ్లుగా మాటల్లేవు. అయినా వాడు ప్రతి ఈద్‌కూ షీర్ ఖుర్మా గిన్నె పట్టుకుని మా వైపు వస్తాడు.

"నీ పనేంది బేటా, జర నాకు సమజయ్యేటట్టు చెప్పు" అన్నాను.

"తాళాల పని చాచా" అన్నాడు నవ్వుతూ.

వాడు చెప్పింది నా మాటల్లో చెప్తాను. నడుస్తున్న ప్రతి ప్రోగ్రాముకూ మెమరీలో ఒక ఇల్లు ఉంటుంది. ఆ ఇంట్లో గదులుంటాయి. వాటిని వీఎమ్‌ఏలు అంటారు. ప్రోగ్రాములో ఒకేసారి పనిచేసే థ్రెడ్లు ఇంట్లో మనుషుల్లాంటివి. గది కాగితం మీద ఉంటుంది గానీ, అందులో అసలు మెమరీ ముందే పరిచి ఉండదు. ఎవరైనా అడుగు పెట్టినప్పుడే కెర్నల్ ఒక పేజీ తెచ్చి పరుస్తుంది. మామూలుగా అది 4096 బైట్లు. దాన్నే పేజ్ ఫాల్ట్ అంటారు. పరిచేముందు ఆ గది నిజంగా ఉందా, ఎవరైనా గోడ మారుస్తున్నారా అని చూసుకోవాలి. అందుకోసం ఇంటి మొత్తానికి ఒక్కటే తాళం ఉండేది. దాని పేరు ఎమ్‌మ్యాప్ లాక్.

"చూసేటోళ్లు ఎంతమందైనా ఒకేసారి పోవచ్చు కదా?" అన్నాను.

"పోవచ్చు చాచా. కానీ అందరూ ఒకే రిజిస్టర్లో దస్తఖత్ చెయ్యాలి. ప్రాసెసర్లు ఎక్కువైతే ఆ రిజిస్టర్ చేతులు మారడానికే టైమ్ పోతుంది. ఇక గోడ మార్చేటోడు వచ్చాడంటే అందరూ ఆగాల్సిందే. ఫోన్‌లో యాప్ తెరిచినప్పుడు ఈ రెండు పనులూ ఒకేసారి జోరుగా నడుస్తాయి."

తాళమే వేయకుండా అందాజాగా పేజీ పరిచి, తర్వాత సరిచూసుకుందామని కొందరు ఏళ్ల తరబడి కోషిష్ చేశారు. ఆ పద్ధతి చిక్కుముడిగా మారి అసలు కెర్నల్లోకి రాలేదు. 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1లో గదుల జాబితాను మేపుల్ ట్రీ అనే కొత్త పద్ధతిలో పేర్చారు. దాంతో ఇంటి తాళం పట్టుకోకుండానే గదిని వెతికే దారి తేలికైంది. గూగుల్‌లో పనిచేసే సురేన్ బగ్దసర్యాన్ గదికో తాళం పెట్టే మార్పు రాశాడు. అది 2023 జూన్‌లో 6.4తో బయటికొచ్చింది. పేజీ కావాల్సినవాడు తన గది తాళం పట్టుకుంటే చాలు. అది దొరక్కపోతే పాత పద్ధతిలో ఇంటి తాళం దగ్గరికే పోతాడు.

గోడ మార్చేవాడు మాత్రం ఇంటి తాళం, గది తాళం రెండూ పట్టాలి. పదిగదులకు తాళం వేస్తే పదీ తిరిగి తియ్యాలి కదా అని అడిగాను. అక్కర్లేదట. ఇంటికి ఒక నంబరు ఉంటుంది. తాళం వేసిన ప్రతి గది మీదా ఆ నంబరే రాస్తారు. పని అయ్యాక ఇంటి నంబరు ఒకటి పెంచితే చాలు, గదుల మీది నంబర్లు పాతవై అన్నీ ఒక్కసారే తెరుచుకున్నట్టు. సుభానల్లా అనుకున్నాను.

"అయితే మీ ముష్కిల్ ఆసాన్ అయినట్టే" అన్నాను.

వాడు తల అడ్డంగా ఊపాడు. 6.4 వచ్చిన కొద్ది రోజులకే ప్రోగ్రాములు కూలిపోవడం మొదలైందట. ఒక ప్రోగ్రాము తన నకలు తీసుకోవడాన్ని ఫోర్క్ అంటారు. నకలు తీసేవాడు ఇంటి పెద్ద తాళం పట్టుకునే తీస్తున్నాడు. కానీ గదుల్లో ఉన్నవాళ్లకు ఇప్పుడు ఆ తాళంతో పనిలేదు. వీడు నకలు రాస్తుంటే వాళ్లు లోపల మారుస్తూనే ఉన్నారు. నకలు తప్పొచ్చింది. జూలైలో 6.4.3తో సరిచేశారు. నకలు తీసేముందు ప్రతి గదికీ తాళం వెయ్యాలి, అంతే.

నా చేతిలో షీర్ ఖుర్మా చెంచా ఆగిపోయింది.

అబ్బా ఇంతెఖాల్ తర్వాత భాయిజాన్ బట్వారా కాగితాల కోసం ఇంటి నఖ్షా గీయించాడు. పెద్దోడు కాబట్టి ఇంటి తరఫున తానే పూనుకున్నాడు. అదే వారం నేను నా గదిలో ఒక గోడ తీయించి, కుళాయి పైపు పక్కకు జరిపించాను. గది నాది, చాబీ నాది, ఎవర్ని అడగాలి అనుకున్నాను. తీరా చూస్తే నఖ్షాలో లేని గోడ ఉంది, ఉన్న పైపు లేదు. చాటుగా జాగా కలుపుకున్నానని ఆయన అన్నాడు. చెప్పకుండా నఖ్షా గీయించాడని నేనన్నాను. ఆయన నా వైపు దర్వాజాకు అడ్డంగా అల్మారా పెట్టించాడు. ఇద్దరిలో ఎవ్వరం ఝూఠ్ చెప్పలేదు. ఎవ్వరం రెండో వాడి తలుపు కొట్టలేదు, అంతే.

గది చాబీ చేతికొచ్చినంత మాత్రాన ఇల్లు లేకుండా పోదు. అబ్బా ఆ రోజు గుత్తి విప్పాడు గానీ, గోడ ముట్టేముందు అందరికీ ఖబర్ చెయ్యాలనే ఖాయిదా చెప్పలేదు. దానికి ఆయన అవసరం లేదేమో. మాకు ఉంది.

భతీజా వెళ్తానని లేస్తే ఖాళీ గిన్నె వాడి చేతికివ్వలేదు. "నేనే తీసుకొస్తా, పద" అన్నాను. అల్మారా ఉన్న దర్వాజా కాదు, గల్లీలోంచి చుట్టూ తిరిగి వెళ్లి సలాం చేశాను. భాయిజాన్ గిన్నె వంక చూశాడు, నా వంక చూశాడు. చాలాసేపటికి "బైఠో" అన్నాడు.

వచ్చే జుమా తర్వాత టేపు పట్టుకుని ఇల్లు మళ్లీ కొలుస్తున్నాం. ఆ పూట ఎవరూ ఏ గదిలోనూ మేకు కూడా కొట్టొద్దని అందరికీ చెప్పేశాం. టేపుకు ఒక కొస ఆయన పట్టుకుంటాడు, ఇంకో కొస నేను.