గాజు వెనుక మెరుపు

హౌరా నుండి నాగపూర్ మీదుగా ముంబయి వెళ్ళే ప్రయాణికుడు మూడవ వంతుకు పైగా దారి గడిచాక బిలాస్‌పూర్ చేరుకుంటాడు. ఊరు అర్పా నది ఒడ్డున ఉన్నది. కాని నేటి పట్టణానికి ప్రాణం పోసినది నది కాదు, రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఛత్తీస్‌గఢ్ మైదానాల మీదుగా పట్టాలు పరచి, 1891 నాటికి నాగపూర్‌ను ఆసన్‌సోల్‌తో కలిపింది. కట్నీ వైపు పోయే దారి ఇక్కడే చీలుతుంది. కోర్బా బొగ్గు ఇటుగానే కదలిపోతుంది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ ఊరే ప్రధాన స్థానమైనది.

ఆ కంపెనీ కొలువుల కోసమే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తెలుగువారు ఇక్కడికి తరలి వచ్చారు. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం తెరుచుకున్నాక రాకపోకలు మరింత సులువైనవి. వారి మనుమలు బజారులో ఛత్తీస్‌గఢీ, కార్యాలయంలో హిందీ, ఇంట్లో ఉత్తరాంధ్ర యాస మాట్లాడుతారు. వేసవిలో రైల్వే కాలనీలో సోలాపురి మాత పూజకు ఈ కుటుంబాలన్నీ ఒకచోట చేరుతాయి.

సాహిత్యాభిమానులకు ఈ స్టేషన్ మరొక కారణంగా పరిచితం. రవీంద్రనాథ ఠాగూరు 1918లో వెలువరించిన ‘పలాతక’ సంపుటిలో ‘ఫాంకి’ అనే కవిత ఉన్నది. ఆ మాటకు వంచన అని అర్థం. జబ్బుపడిన భార్యతో ప్రయాణిస్తున్న భర్త బిలాస్‌పూర్‌లో బండి మారుతాడు. అక్కడ ఒక కూలీ భార్యకు, ఆమె కూతురి పెండ్లి కోసం ఇరవై ఐదు రూపాయలు ఇమ్మని భార్య కోరుతుంది. అతడు రెండు రూపాయలిచ్చి పంపివేసి, అడిగినంతా ఇచ్చినట్లు నమ్మబలుకుతాడు. భార్య గతించిన తరువాత ఆ బాకీ తీర్చాలని తిరిగి వస్తాడు; ఆ కూలీ కుటుంబం జాడ దొరకదు.

రైల్వే పట్టణంలో కాలానికి ఉన్న మర్యాద వేరు. ప్రతిదినం సాయంత్రం నాలుగు గంటలకు, అనగా రైల్వే భాషలో 16.00 గంటలకు, ప్రధాన స్టేషన్లకు ప్రామాణిక సమయం అందుతుంది. గడియారాలను దానితో సరిచూస్తారు. బండి బయలుదేరక ముందు గార్డు తన వాచీని స్టేషన్ గడియారంతో సరిచేసుకొని డ్రైవరుకు సమయం చెప్పాలి. డ్రైవరు తన వాచీని దానికి తగ్గట్టు తిప్పుకోవాలి. 2022లో గార్డు పేరు ట్రైన్ మేనేజర్‌గా మారినది గాని ఆ పని మారలేదు. ఇట్టి ఉద్యోగానికి వాచీ అలంకారం కాదు, పనిముట్టు.

కాని తెలుగింటి పెండ్లిలో అది అలంకారమే! అల్లుడికి వాచీ పెట్టడం మన మధ్యతరగతి ఇళ్ళలో చిరకాలంగా వస్తున్న ముచ్చట. జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో హెచ్.ఎం.టి. వాచీల తయారీ మొదలయ్యాక ఎందరో మామగార్ల భారం తేలికపడినది. ‘జనతా’ వాచీ పదిహేడు రాళ్ళది. ఉదయాన్నే కీ ఇస్తే మరునాటి వరకు నడిచేది. దాని వెనుక మూత ఉక్కుది. లోపల ఏమున్నదో చూడాలన్న కోరిక కొన్నవారికీ లేదు, చూపించాలన్న ఆతురత అమ్మినవారికీ లేదు. ఆ వాచీల సంస్థ మూసివేతకు కేంద్ర ప్రభుత్వం 2016లో ఆమోదం తెలిపినది.

ఇప్పటి ముచ్చట వేరు. ‘ఫస్ట్ కాపీ’ అనే ముద్దుపేరుతో పెద్ద స్విస్ కంపెనీల నకలు వాచీలు ఫోను తెరల మీద, దేశమంతటా బజారు బల్లల మీద అమ్ముడవుతున్నవి. వాటి వెనుక మూత గాజుది. ప్రకటనలో మాటలు ఘనం: స్విస్ యంత్రం, చేతిపని, జెనీవా చారలు, నీలి ఉక్కు మరలు. రైల్వే క్వార్టర్ల అరుగుల మీద ఇట్టి సంభాషణ వినిపిస్తే వింత లేదు:

“తాతయ్యా, వెనకంతా అద్దమే! లోపలి పని చూడు.”

“టైము చెప్పు నాయనా, ముందు టైము చెప్పు.”

ఆ లోపలి పని ఏమిటో చూడవలసిందే. మంచి వాచీలో యంత్రపు పలకల మీద సమాంతరంగా సాగే సన్నని చారలు లోహాన్ని ఒరిపిడి చక్రంతో రుద్దగా ఏర్పడతాయి. వాచీని వంచితే వాటి మీద వెలుగు అలలా కదులుతుంది. నకలులో అవే చారలను అచ్చుతోనో లేసరుతోనో వేస్తారు. దూరానికి ఒకటే, భూతద్దం కింద అంచులు మొద్దుగా, వెలుగు కదలిక లేక చదునుగా కనిపిస్తాయి. మరల నీలిరంగు సంగతీ అంతే. ఉక్కును సుమారు మూడు వందల డిగ్రీల వరకు వేడి చేస్తే దాని మీద సన్నని పొర ఏర్పడి నీలం పుట్టుకొస్తుంది; ఒక కోణంలో నల్లగా, మరొక కోణంలో నెమలి మెడలా మెరుస్తుంది. రసాయనంలో ముంచినదో, రంగు పూసినదో ఎటు చూసినా ఒకే నీలం.

అసలు పరీక్ష అంచుల దగ్గర. పలకల అంచులను ఏటవాలుగా చెక్కి అద్దంలా నునుపు చేయడం గొప్ప పనితనం. ఆ అంచులు లోపలికి తిరిగి కలిసే పదునైన మూలను యంత్రపు చక్రం చేరుకోలేదు; చేతితో ఆకురాయి పట్టవలసినదే. ఆ ఒక్క మూలకు పట్టే కాలంలో కర్మాగారం నకలు వాచీలను పెట్టెలకొద్దీ తయారు చేయగలదు. కనుక నకలులో ఆ మూల గుండ్రంగా ఉంటుంది, లేదా మూలే ఉండదు.

అన్నిటికన్నా విచిత్రం తొడుగు పలక. లోపల నడిచేది చౌక చైనా యంత్రం. దాని మీద పెద్ద కంపెనీ యంత్రపు రూపురేఖలున్న ఒక రేకును బిగిస్తారు. అందులోని కొన్ని మరలు దేనినీ పట్టుకోవు. కొన్ని ఎర్ర రాళ్ళ కింద ఇరుసు ఉండదు. ప్రకటనలోని బొమ్మ అబద్ధం కాదు, బొమ్మలోని యంత్రమే అబద్ధం!

న్యాయానికి ఒక మాట చెప్పాలి. నకలులన్నీ ఆగిపోయే సరుకు కావు. వాటిలోని చైనా యంత్రాలు కొన్ని స్విస్ నమూనాలను చక్కగా అనుసరించినవే. చమురు సరిగా పడితే ఏళ్ళ తరబడి నడుస్తాయి. అసలు కంపెనీలూ మధ్యస్థపు ధరల వాచీలలో చారలను యంత్రాలతోనే వేస్తాయి. ప్రకటనలలో మాత్రం తెల్లగడ్డం పనివాడి వేళ్ళు చూపుతాయి. అయినా ఆ చార నిజంగా కోసిన చార, ఆ మర నిజంగా బిగించిన మర. నకలు విషయంలో మోసం పేరుతో మొదలై మర దాకా పోతుంది. మన దేశంలో 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ఇట్టి అమ్మకానికి ఆరు నెలల నుండి మూడేళ్ళ జైలు, ఏబై వేల నుండి రెండు లక్షల రూపాయల జరిమానా విధిస్తున్నది.

పాత హెచ్.ఎం.టి.లకూ ఈ జబ్బు తగిలినది. ముఖఫలకానికి కొత్త రంగులు పూసి, నాలుగు వాచీల విడిభాగాలను కూర్చి, వాడని పాత సరుకంటూ అమ్ముతున్నారు. తండ్రి చేతి వాచీ గుర్తుకొచ్చి కొనేవారే వీటికి ఎక్కువగా చిక్కుకుంటారు.

చివరకు ఇవన్నీ చేరేది మరమ్మతు బల్లకే. తొడుగు పలక ఉన్న వాచీ ఆగితే పనివాడు ముందుగా ఆ రేకును ఊడదీస్తాడు. కింద యంత్రం పాడైతే విడిభాగం వెదకడు. అంతకన్నా మొత్తం యంత్రాన్ని మార్చడమే చౌక. తీసిన రేకును తిరిగి బిగించాలో వద్దో కొన్నవారినే అడుగుతాడు. బిగించమనేవారే ఎక్కువ.