గొల్లకావడి కింద మబ్బు

చిన్నప్పుడు మిరప కళ్లంలో కాపలా పడుకుంటే, మా నాన్నగారు ఆకాశంలో గొల్లకావడి చూపించేవారు. దాని కింద ఆ మసకమచ్చ ఏమిటని అడిగితే, "పొగమంచు, పడుకోరా" అనేవారు.

1840లో గోడే వెంకట జగ్గారావుగారు విశాఖపట్నంలో సొంత వేధశాలే కట్టుకున్నారు. నాకున్నది గుంటూరులో ఒక డాబా, ఒక దుర్భిణీ. మొన్న మాఘమాసంలో 30 సెకండ్ల చొప్పున 60 ఫొటోలు తీసి, ఒకటిగా కలిపాను. కంటికి బూడిదరంగుగా ఆనే మచ్చ ఎర్రగా విచ్చుకుంది. ఆ వెలుగు బయలుదేరి సుమారు 1,340 ఏళ్లు. అప్పటికి నన్నయగారింకా పుట్టలేదు.

ఇప్పుడు నాన్నగారికి చూపు మందగించింది. ఫొటోను ముక్కుదాకా తెచ్చుకుని చాలాసేపు చూశారు.

"పొగమంచు కాదన్నమాట! ఆ రాత్రి నిన్ను పడుకోమనకుండా ఉండాల్సిందిరా" అన్నారు.

నేనేమీ అనలేక, ఆయన చెయ్యి పట్టుకుని డాబా మెట్లవైపు నడిచాను.