బాదు బలం బాదులోనే ఉందా?

మనలో సివిల్ చదివి సాఫ్ట్‌వేరులోకి దూకినవాళ్ళు చాలామందే ఉన్నారు. నేనూ ఆ బాపతే. నాలుగేళ్ళు చదివినదాంట్లో ఇంకా గుర్తున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిల్లో ఒకటి ఈ నాలుగంకెలు: 1, 0.5, 0.7, 2. స్తంభం రెండు చివర్లనీ ఎలా పట్టి ఉంచారన్నదాన్ని బట్టి, దాని పొడవుని దేంతో గుణించాలో చెప్పే అంకెలివి. ఫోన్ నంబరులా బట్టీ పట్టి, పరీక్షలో రాసేసి, క్యాంపస్ సెలక్షన్లు, జావా, ఆన్‌సైటు అంటూ వచ్చేశాక, ఇక వీటితో పనేం పడుతుందిలే అనుకున్నా.

పడింది. ఊళ్ళో నాన్న ఇల్లు కట్టిస్తున్నప్పుడు.

మర్నాడు పొద్దున్నే స్లాబు. రెండ్రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. సాయంత్రం సరదాగా చూసొద్దామని వెళ్తే లోపలి గదుల్లో సెంట్రింగు బాగానే ఉంది. పోర్టికో దగ్గరికి వచ్చేసరికి మాత్రం గుండె ఝల్లుమంది. పన్నెండడుగుల ఎత్తు. కింద ఇటుక ముక్కలు, వాటిమీద చెక్క చీలికలు, వాటిమీద వరసగా సరుగుడు బాదులు. అన్నీ నిలువు కర్రలే. వాటిని కలుపుతూ ఒక్క అడ్డకర్ర లేదు. ఏటవాలు కర్ర అసలే లేదు.

"మేస్త్రి గారూ, ఇవి ఆగుతాయా?" అన్నాను.

"ముప్ఫై ఏళ్ళ నుంచీ వేస్తున్నాను బాబూ. ఒక్కో బాదు టన్ను మోస్తుంది" అన్నాడాయన.

ఆయన చెప్పింది అబద్ధమేం కాదు. తిరకాసంతా అక్కడే ఉంది.

మీ బల్ల మీద స్టీలు స్కేలుంటే తీసుకోండి. 30 సెంటీమీటర్ల పొడవు, 25 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం అనుకుందాం. ఆ స్టీలు నలిగిపోవాలంటే 600 కిలోల పైన బరువు కావాలి. కానీ నిలబెట్టి అరచేత్తో నొక్కి చూడండి, నాలుగున్నర కిలోలకే పక్కకి వంగిపోతుంది. నలగదు, విరగదు, తప్పుకుంటుంది అంతే. దీనికి ఆయిలర్ 1744లోనే సూత్రం రాసిపెట్టాడు. అందులో స్టీలు ఎంత గట్టిదన్న లెక్కే లేదు. వంగకుండా ఎంత బిగువుగా ఉంటుంది, అడ్డకోత ఆకారం ఏమిటి, పొడవెంత... ఇంతే. ఆ పొడవు కూడా టేపు పెట్టి కొలిచేది కాదు, చివర్లు నిర్ణయించేది.

అదే స్కేలు రెండు చివర్లూ కదలకుండా, తిరగకుండా బిగించేస్తే పొడవు సగమైనట్టు. పొడవు వర్గంతో లెక్క కాబట్టి బలం నాలుగు రెట్లు, అంటే 18 కిలోలు. కింద బిగించి పైన గాలికొదిలేస్తే పొడవు రెట్టింపైనట్టు. కిలో బరువుకే వాలిపోతుంది. ఒకటెక్కడ, పద్దెనిమిదెక్కడ! స్కేలు అదే, స్టీలు అదే. మారినవి చివర్లే.

ఇప్పుడు మా పోర్టికో సంగతి చూద్దాం. బాదు కింద ఇటుక ముక్క, పైన రెండు మేకులు. రెండు చోట్లా బిగింపు లేదు కాబట్టి 1 అనే అంకె వాడుకోవాలి. దానికీ ఒక షరతుంది, పై చివర పక్కకి జరక్కూడదు. గదుల్లో చుట్టూ గోడలుంటాయి కాబట్టి రేకులు ఎటూ జరగవు. పోర్టికోకి మూడు వైపులా గాలే. పైభాగం జరిగితే నా నాలుగంకెల్లో ఏదీ వర్తించదు. అప్పుడది స్తంభమే కాదు, నిలబెట్టిన కర్ర. ఐదంగుళాల స్లాబంటే చదరపు మీటరుకి 300 కిలోల పైనే. ఆ పైన గమేళాలతో ఎక్కే ఎనిమిది పదిమంది మనుషులు, గడగడలాడించే వైబ్రేటరు.

జేబులో స్కేలు లేదు గానీ పక్కింటి పిల్లాడి దగ్గర దొరికింది. మేస్త్రికి చూపించాను. మధ్యలో వేలితో ఆపితే ఎంత గట్టిపడుతుందో కూడా చూపించాను. ఆయన రెండుసార్లు నొక్కి చూసి నవ్వాడు.

"ఇది తెలీక కాదు బాబూ. ఉన్న కర్రలన్నీ గదులకే అయిపోయాయి. ఇంకా అద్దెకి తేవాలంటే మీ నాన్నగారు ఒప్పుకోవాలి కదా."

అదీ సంగతి! నేను పాఠం చెప్పాల్సింది ఆయనకి కాదు.

"పొద్దున్న ఏడింటికి మిక్సరు వస్తుంటే ఇప్పుడీ పేచీ ఏంట్రా?" అని నాన్న విసుక్కున్నారు. డబ్బులు నేనిస్తానన్నాక ఇంకా కోపం వచ్చింది :). మొత్తానికి రాత్రి తొమ్మిదింటికి ట్రాక్టరులో కర్రలొచ్చాయి. బాదుల మధ్య ఎత్తులో రెండు దిక్కులా అడ్డకర్రలు కట్టారు. నేను టార్చి పట్టుకున్నా. పది బాదుల్ని ఒకదానికొకటి కడితే చాలదు, పదీ కలిసి పడతాయి. అందుకని అప్పటికే గట్టిపడ్డ ఇంటి పిల్లర్లకి ఏటవాలుగా కూడా కట్టించాడు మేస్త్రి. ఆ మాట నేను చెప్పకముందే ఆయనే అన్నాడు.

మర్నాడు స్లాబు పడింది. ఏమీ కాలేదు. "చూశావా, ఆ కర్రల అద్దె దండగ" అని నాన్న ఇప్పటికీ అంటారు. నా దగ్గర జవాబు లేదు. కట్టకపోయినా ఆగేదేమో! జరగని ప్రమాదానికి రుజువెక్కడ తెస్తాం?

ఒక్కటి మాత్రం చెప్పగలను. రెండు చివర్లూ పూర్తిగా బిగిస్తే 0.5 అని పుస్తకం అంటుంది. కాంక్రీటు కట్టడాలకి మనవాళ్ళు వాడే ఐఎస్ 456 అదే సందర్భానికి 0.65 తీసుకోమంటుంది. పూర్తిగా బిగించడమనేది కాగితం మీదే సాధ్యమని అది రాసినవాళ్ళకి తెలుసు. మనం డిజైన్ డాక్యుమెంటులో "అవతలి సర్వరు ఎప్పుడూ పనిచేస్తుందని అనుకుందాం" అని ఒక ముక్క రాసేసి ముందుకెళ్ళిపోతాం. నేనూ రాశాను, చాలాసార్లు. అక్కడ పడితే సర్వరు పడుతుంది. ఇక్కడ పడితే మనుషులు.

మీ ఇంట్లో ఎవరైనా ఇల్లు కట్టిస్తుంటే స్లాబుకి ముందురోజు సాయంత్రం ఓసారి వెళ్ళండి. పోర్టికో బాదుని చేత్తో పక్కకి మెల్లగా తోసి చూడండి. కదిలిందా, ఒకరోజు ఆపించండి. మిక్సరు అద్దె పోతే పోయింది.