లక్ష్మికి అక్షరాలెన్ని?

‘పైథాన్ భాషకు తెలుగు రాదు’ అని ఆమధ్య నేను వ్రాసిన విమర్శకు వచ్చిన సమాధానాలన్నీ చదివాను. మెచ్చినవారికి నమస్కారం. ఈ నాలుగు మాటలూ మెచ్చనివారి కోసం.

పద్యంలో గురులఘువులను గుర్తించే చిన్న ప్రోగ్రాము వ్రాయబూని, ముందుగా ‘లక్ష్మి’ అన్న మాట నిడివి ఎంతని అడిగాను. 7 అన్నది. ల, క్ష్మి అని రెండే అక్షరాలని చిన్న తరగతి పిల్లవాడైనా చెబుతాడే! తెలుగు ఎరుగనివారు చేసిన భాష అని కోపంతో తేల్చివేశాను.

ఒకనాటి నా శిష్యుడు, నేడు ఆ వృత్తిలోనే ఉన్నవాడు, వినయంగానే చురక వేశాడు. “మాస్టారూ, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి - ఈ ఏడూ యూనికోడ్ ఇచ్చిన సంకేతాలండీ. పైథాన్ లెక్కపెట్టింది వాటినే. వర్ణం వేరు, అక్షరం వేరు అని మాకు చెప్పింది మీరే కదా?”

నిజమే. వ్యాకరణానికి ఆ మాటలో 6 వర్ణాలు: ల్, అ, క్, ష్, మ్, ఇ. ఛందస్సుకు 2 అక్షరాలు: సంయుక్తాక్షరానికి ముందున్న ‘ల’ గురువు, ‘క్ష్మి’ లఘువు. ఒకే మాటకు రెండు లెక్కలు ఏళ్ల తరబడి బోధించినవాణ్ణి, మూడో లెక్క కనబడగానే తప్పనడం తొందరపాటు. పైగా పైథాన్ 2లో మామూలుగా వ్రాసిన మాటను బైట్లలో కొలిచేవారు. యూటీఎఫ్-8లో లక్ష్మి నిడివి 21! 2008లో వచ్చిన పైథాన్ 3 దానిని 7కు తెచ్చింది. ఆ మేలు నేను గుర్తించలేదు.

అయితే, ‘యంత్రం లెక్కకు మనమే సర్దుకోవాలి’ అన్న మిత్రులతో మాత్రం ఏకీభవించలేను. ఇంగ్లీషు మాటను తిరగవేస్తే అక్షరాలే తారుమారవుతాయి. లక్ష్మిని అలాగే తిరగవేస్తే గుడి ముందుకు వచ్చి, హల్లు ఆసరా లేక వేలాడుతుంది. చూసేవానికి అది తప్పే. స్విఫ్ట్ భాష సంకేతాలను కాక, పాఠకుని కంటికి ఒకటిగా కనబడే గుచ్ఛాలను లెక్కిస్తుంది. ఆ గుచ్ఛాల నియమం కూడా ఒకప్పుడు పొల్లు దగ్గర తెగేది: ల, క్, ష్, మి అని 4. 2023లో యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరాన్ని విడదీయకుండా ఒకటిగా ఉంచే నియమం చేర్చింది. అడగందే అమ్మయినా పెట్టదు.

కనుక ‘తెలుగు రాదు’ అన్న మాట ఉపసంహరించుకుంటున్నాను. నిడివి అంటే ఏ లెక్కో మొదటి పాఠంలోనే చెప్పాలన్న మాట మాత్రం నిలుపుకుంటున్నాను.

శిష్యుడు చెప్పినట్టే, పొల్లు వచ్చినచోట తరువాతి హల్లును కలుపుకునేలా ప్రోగ్రాము దిద్దాను. ఇప్పుడది లక్ష్మిని గురువు, లఘువు అని సరిగానే చెబుతోంది. అతనికి నా ఆశీస్సులు.